నీళ్లు ముట్టని ఆదివారాలు

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది. ఏ విషయమైనా సరే, "ఎందుకు?" అని అడగకుండా ఉండలేను. మా అమ్మ దీన్ని నోటి దురద అనేది. తర్వాత హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను కాబట్టి ఆ దురదకు జీతం కూడా ఇచ్చారు. పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చాక మాత్రం నోరు కట్టుకోవలసి వచ్చింది. మా అత్తగారి భక్తి గురించి ఎవరూ ప్రశ్నలు వేయకూడదని మా చర్చి సంఘం వాళ్లంతా ఒక్కమాట మీద ఉన్నారు.

మా అత్తగారి పేరు విజయకుమారి. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతు పై స్థాయికి వెళ్లిందంటే ఏడుస్తున్న చంటిపిల్లలు కూడా ఆగి చూస్తారు. గొంతును మించిన పేరు ఆవిడ ఉపవాసానికి ఉంది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికి వచ్చేదాకా అన్నం మాట దేవుడెరుగు, మంచినీళ్లు కూడా ముట్టరు. మే నెల ఎండల్లోనూ అంతే. మిగతా ఆడవాళ్లు ఉపవాసమంటే మజ్జిగ తాగుతారు, టీ తాగుతారు. ఈవిడది పెదవి తడవని ఉపవాసం. పాస్టరు ఏసుబాబు గారు ప్రసంగం మధ్యలో వీలు చూసుకుని, "మన విజయకుమారమ్మ గారిని చూసి నేర్చుకోండమ్మా" అంటారు. అలా నేర్చుకుని, శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్లలో కొందరు నీళ్లు మానేశారు. వాళ్లలో అందరికంటే పెద్దావిడ విశ్వాసమ్మ గారు. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా, "మీరు గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా ప్రార్థిస్తారు, మీ మాట దేవుడు వింటాడమ్మా" అంటూ మా వరండాలోకి వచ్చి కూర్చుంటారు.

నాకు మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. ఆదివారం ఉపవాసం సరే. ఏలూరులో పెళ్లికని బస్సెక్కిన రోజు ఉపవాసమెందుకు? పరామర్శకని రైలెక్కిన రోజు ఎందుకు? ఇంట్లో ఉన్న రోజున ఆవిడ కాఫీకి కాఫీ, మజ్జిగకు మజ్జిగ. గడప దాటితే తప్ప దేవుడికి ఉపవాసం అక్కర్లేదా?

మా ఆయన నెల్సన్‌ను అడిగితే విసుక్కున్నాడు.

"మా అమ్మ భక్తికి కూడా పరీక్ష పెడతావా? మార్కులు కూడా నువ్వే వేస్తావా?"

నోరు మూసుకున్నాను. బుర్ర మాత్రం ఊరుకోలేదు.

ఇలా ఉండగా నా ఒళ్లే నాకు ఒక ప్రశ్న వేసింది. బాబు పుట్టాక సెలవు అయిపోయి బడికి వెళ్లడం మొదలుపెట్టాను. ఒకరోజు ఎనిమిదో తరగతిలో బోర్డు తుడుస్తుంటే సుద్దపొడి ముక్కులోకి పోయింది. గట్టిగా తుమ్మాను. తుమ్ముతోపాటు లంగా తడిసింది. బల్ల వెనక నుంచి కదలకుండా పాఠం ముగించి, పిల్లలందరూ వెళ్లాక బయటపడ్డాను. మొదట సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఏటేటా మానవ శరీరం పాఠం చెప్పే మనిషిని. మూత్రపిండాలు, మూత్రాశయం బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను. ఆ సంచిని కింద నుంచి ఏది పట్టుకుని ఉందో మా పుస్తకంలో లేదు. లేదేమిటని నేనూ ఎన్నడూ అడగలేదు. ఎందుకూ ఎందుకూ అని అందరి ప్రాణాలూ తీసేదాన్ని, ఇది మాత్రం ఎలా వదిలేశానో!

అత్తగారిని అడిగితే తప్పు నాదేనన్నారు.

"బాలింతప్పుడు నడుం గుడ్డ గట్టిగా కట్టించుకోమంటే ఊపిరాడట్లేదని విప్పేశావు. కొలిచి ఇచ్చిన నీళ్లు చాలవని దొంగతనంగా తాగావు. ఇంకేమవుద్దమ్మా? ఆడపుట్టుక అన్నాక ఇయ్యన్నీ ఉంటాయి."

ఆ మాట అని బాబును చంకనేసుకుని గబగబా పెరట్లోకి వెళ్లిపోయారు. అంత తొందరేమిటో నాకు అప్పుడు తోచలేదు.

అప్పటికి నాకు నడుం నొప్పి కూడా పట్టుకుంది. మా స్కూల్లో తెలుగు టీచరు చెబితే ఏలూరు వెళ్లాను. ఏలూరును ఆనుకునే ఉన్న వట్లూరులో, కాలేజీలున్న వైపు ఇందుజ అనే అమ్మాయి ఫిజియోథెరపీ చేస్తుంది. పెదవేగి దగ్గర రైతుల ఇంటి పిల్ల. నేను వెళ్లేసరికి భుజం ఎత్తలేని పెద్దమనిషొకాయన గోడకు చెయ్యి ఆనించి వేళ్లతో పైకి పాకిస్తున్నాడు. ఆయన వెళ్లాక ఇందుజ తలుపు వేసి, నా నడుం సంగతి అడిగి, ఉన్నట్టుండి ఇంకో ప్రశ్న వేసింది.

"దగ్గినప్పుడు గానీ, తుమ్మినప్పుడు గానీ ఏమన్నా ఇబ్బంది ఉందాండీ?"

"మీకెలా తెలుసండీ?" అన్నాను నోరు వెళ్లబెట్టి.

"తెలవదండీ. కాన్పు తర్వాత నడుం నొప్పని వచ్చినవాళ్లని అడుగుతానండీ. మనం అడక్కపోతే వాళ్లు చెప్పరు."

నేను సైన్సు టీచరునని తెలిశాక హుషారుగా బొమ్మ గీసింది. ముందున్న ఎముక నుంచి వెనక తోకెముక దాకా, చీరతో కట్టిన ఉయ్యాలలా కండరాలు పరుచుకుని ఉంటాయట. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం అన్నీ ఆ ఉయ్యాల మీదే ఆనుకుంటాయట. కాన్పులో అది సాగుతుంది. తుమ్మినప్పుడు పైనుంచి ఒత్తిడి పడితే పట్టి ఉంచలేదు.

"కండరమే కదండీ. చేతికీ కాలికీ ఎలా బలం వస్తుందో దీనికీ అలాగే వస్తుంది. కాకపోతే కనపడదు. ముందు అదెక్కడుందో మీరు కనిపెట్టాలి."

"ఎలా కనిపెట్టాలండీ?"

"స్టాఫ్ మీటింగులో కూర్చున్నారనుకోండి. హెడ్మాస్టరు గారు మాట్లాడుతున్నారు. కడుపులో గ్యాస్ వచ్చింది. ఏం చేస్తారు?"

నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుకే మళ్లీ చుక్క పడింది. "అదిగో, అది బిగించాలండీ. వెనక, ముందు కలిపి లోపలికి, పైకి లాగాలి. పిర్రలు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఎంతసేపు లాగారో అంతసేపు మళ్లీ పూర్తిగా వదలాలి. తుమ్ము వస్తుందనిపిస్తే ముందే బిగించుకోండి. మూడు నెలలు ఓపిక పట్టాలి మేడమ్," అంది. బస్సులో తిరిగొస్తూ తాడేపల్లిగూడెం దాకా అదే పని చేస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్లు మోసుకు తిరిగిన ఒంట్లో నాకు తెలియని గది ఒకటి ఉందన్నంత వింతగా ఉంది. పక్కన కూర్చున్న ముసలాయనకు నా ముఖంలో ఏం కనిపించిందో, "వాంతొచ్చేలాగుందా అమ్మా, కిటికీ కాడ కూకుంటావా?" అని అడిగాడు.

డిసెంబరులో, పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్ పాటలకు మా సంఘాన్ని కొల్లేటి లంక గ్రామం వాళ్లు పిలిచారు. ఆ ఏడాదే కొల్లేరులో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసింది. దారి సగం దాకానే ఉంది, మిగతాది దోనె మీద పోవాలి. దోనె నడిపే జగ్గారావు గడ చేతపట్టుకుని అందరినీ కూర్చోబెట్టాడు. పాస్టరు గారు మాత్రం కోటు నలుగుతుందని నిలబడే ఉన్నారు. దోనె ఊగింది.

"అయ్యగారూ, కూసోండి బాబూ," అన్నాడు జగ్గారావు. "నీళ్ల మీద నడిచినాయన వేరు, తవరు వేరు."

అందరం ఘొల్లుమన్నాం. పాస్టరు గారు కూడా నవ్వుతూ కూలబడ్డారు. నాకు నవ్వు తన్నుకొచ్చింది, చటుక్కున కాలు మీద కాలు మెలేసుకున్నాను. సరిగ్గా అదే క్షణంలో ఎదురుగా మా అత్తగారు కూడా కాళ్లు మెలేసుకున్నారు. ఆవిడ నా మోకాళ్ల వైపు చూశారు. నేను ఆవిడ మోకాళ్ల వైపు చూశాను. తర్వాత ఇద్దరం చెరో వైపు తిరిగి కొంగల్ని చూశాం.

లంకలో దిగగానే అక్కడివాళ్లు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చారు. కనుచూపు మేరలో ఆడది చాటుకు వెళ్లడానికి ఒక చెట్టు లేదు, గోడ లేదు. అత్తగారు బోండాం వద్దని చేత్తో తోసి, "ఉపవాసమండీ," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని గౌరవంగా నిలబడ్డారు. నాకు మాత్రం ఇన్నాళ్ల ప్రశ్నకు జవాబు దొరికింది. దొరికినందుకు సంతోషం కలగలేదు.

మర్నాడు అత్తగారు లంక వాళ్లిచ్చిన కొర్రమేనులు పెరట్లో బూడిద వేసి రుద్దుతూ కూర్చున్నారు. నేను పక్కన పీట వేసుకున్నాను.

"ఎప్పటినుంచి అత్తయ్యా?"

చాలాసేపు చేపనే రుద్దారు. అది తెల్లబడిపోయింది.

"మీ ఆయన పుట్టినప్పట్నించీనే. వాడి తల అప్పుడూ పెద్దదే. ఒక ఈస్టరు పండక్కి పై స్థాయి అందుకున్నాను, చీర తడిసిపోయింది. ముదురు రంగు చీర కాబట్టి పరువు దక్కింది. మరుసటి ఆదివారం భయమేసి నీళ్లు తాగకుండా వెళ్లాను. విశ్వాసమ్మ గారు మజ్జిగిస్తే వద్దన్నాను. ఉపవాసమా అమ్మా అంది. మరేం చెప్పను? అవునన్నాను."

"అంతేనా?"

"అంతే. తర్వాత ఇక కాదనడానికి నాకు దారి లేకపోయింది."

ఆ తర్వాత ఇంకో సంగతి చెప్పారు. ఏడాదికి రెండు మూడు సార్లు ఆవిడకు చలిజ్వరం వస్తుంది, మలేరియా అనుకునేవాళ్లం. మలేరియా కాదట. మూత్రంలో ఇన్ఫెక్షన్. నీళ్లు తాగకపోతే ఇది కిడ్నీలకు ఎక్కుతుందని, ఒకటి అప్పుడే దెబ్బ తింటోందని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదు.

"నీళ్లు తాగితే పాడలేను. మానేస్తే బతకను. ఏం చెయ్యమంటావే?" అన్నారు. ఆవిడ నా ముందు కళ్లనీళ్లు పెట్టుకోవడం అదే మొదటిసారి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ముందు మందులు వాడండి, తర్వాత నాతో వట్లూరు రండి," అన్నాను. రానన్నారు. ఈ వయసులో ఆ చోటు గురించి పరాయి పిల్లతో మాట్లాడతానా అన్నారు. చివరికి బాబును ఎత్తుకోవడానికి తోడుగా వస్తున్నానని తనకు తానే చెప్పుకుని బస్సెక్కారు.

ఇందుజ ఒక్క చూపులో గ్రహించింది. అత్తగారు స్టూలు మీద గోడ వైపు తిరిగి, మోకాలి చిప్ప బొమ్మను శ్రద్ధగా చూస్తున్నారు. ఇందుజ నాకు చెబుతున్నట్టే చెప్పింది, గొంతు మాత్రం కాస్త పెంచింది.

"కొంతమంది భయపడి నీళ్లు మానేస్తారు మేడమ్. దానివల్ల మూత్రం చిక్కబడుతుంది, సంచికి మంట పుడుతుంది. అప్పుడు ఇంకా తొందరపెడుతుంది. మంచి చేసుకుంటున్నామనుకుని చెడు చేసుకోవడమే."

అత్తగారు గిరుక్కున ఇటు తిరిగారు.

"అంటే ఇన్నేళ్లూ నేనే దాన్ని రెచ్చగొట్టానా అమ్మా?"

అంతే, గుట్టు బయటపడింది. ఇందుజ నవ్వలేదు. "మీకెవరూ చెప్పలేదు కదా ఆంటీ గారూ," అంది. అడిగి, అత్తగారు ఒప్పుకున్నాక, తెర వెనక పరీక్ష చేసింది. అత్తగారు బిగించమంటే ముఖం ఎర్రబడేలా ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి పీల్చి, మొత్తం బలం కిందికి నెడుతున్నారట.

"పైకి లాగమన్నానండీ, కిందికి తొయ్యమనలేదు. ఊపిరి వదులుతూ లాగాలి."

తెర వెనక నుంచి మా అత్తగారి గొంతు, క్వయర్ పిల్లలకు పాఠం చెప్పేటప్పటి గొంతు వినిపించింది.

"పై స్థాయి అందుకునేటప్పుడు ఊపిరి వదులుతూ అడుగు నుంచి లేపుతాం చూడూ, అలాగా?"

"అలాగే ఆంటీ గారూ! మీకు పాట వచ్చా?"

అక్కడి నుంచి ఆవిడను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. పాట చరణం లాగినంత సేపు బిగించడం, పల్లవిలో వదలడం. అంట్లు తోముతూ, బాబును నిద్రపుచ్చుతూ, నన్ను మించి చేసేవారు. "నీకు ఎంతసేపు నిలుస్తోందే?" అని నాతో పందెం కట్టేవారు. ఇందుజ ఏదైనా విడమర్చి చెప్పకపోతే తానే ప్రశ్నలు వేసేవారు. నాకు తగిన అత్తగారేనని అప్పుడు అర్థమైంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైన వారంలో ఒక పొద్దున్న వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు.

"కెజియా, తుమ్మానే! పోపు ఘాటుకి ఎంత గట్టిగా తుమ్మానో తెలుసా? ఏమీ కాలేదు!"

పొయ్యి ముందు ఇద్దరం చేతులు పట్టుకుని గెంతాం. నెల్సన్ వచ్చి, తుమ్మితే ఇంత సంబరమేమిటని తెల్లబోయాడు.

ఇంతా అయ్యాక, ఆదివారం ఆవిడ మళ్లీ నీళ్లు ముట్టలేదు! నేను అగ్గి మీద గుగ్గిలమైపోయాను.

"ఇప్పుడేమొచ్చింది అత్తయ్యా? పాడినా ఏమీ కావట్లేదు కదా?"

"నన్ను చూసి మానేసినవాళ్లు ఉన్నారే. రేపు నేను గ్లాసెత్తితే వాళ్ల ముఖం ఎలా చూడను?"

"కిడ్నీ పోయాక వాళ్లు ఇస్తారా మీకు?"

అత్తను పట్టుకుని అలా అనకూడదు, అనేశాను. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆవిడకు మళ్లీ చలిజ్వరం వచ్చింది. దుప్పట్ల కింద పళ్లు టకటక కొట్టుకుంటుంటే వణుకుతున్న మనిషిని చూస్తే నా కోపమంతా భయమైపోయింది. జ్వరం తగ్గుతుండగా పాస్టరు గారు పరామర్శకు వచ్చి, గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల్లో అయిదోది, "దప్పిగొనుచున్నాను" అన్నదాని మీద ఆవిడే మాట్లాడాలన్నారు.

"దాహం గురించి మీరు కాక ఎవరు మాట్లాడతారమ్మా?" అన్నారు ఆయన, పాపం, మంచి మనసుతోనే.

గుడ్ ఫ్రైడే నాడు మా సంఘంలో ఎవరూ మూడు గంటల దాకా ఏమీ ముట్టరు. ఏప్రిల్ ఎండ. ఆడవాళ్లమంతా ఒక వైపు చాపల మీద, మగవాళ్లు ఇంకో వైపు. నాలుగో మాట ముగిసింది. తెల్ల చీర కట్టుకున్న మా అత్తగారు లేచి ముందుకు వెళ్లారు. జ్వరం వదిలి ఎన్నో రోజులు కాలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"సిలువ మీద మిగతా మాటలన్నీ ఇతరుల కోసం, తండ్రి కోసం," అని మొదలుపెట్టారు. "ఈ ఒక్కటే ఆయన ఒంటి కోసం. దాహంగా ఉందన్నాడు. అంతమంది చూస్తుండగా, ఒంటి మీద సరైన గుడ్డ లేకుండా, నోరు తెరిచి అడిగాడు. ఆయన సిగ్గుపడలేదండీ." బల్ల అంచు వదిలేశారు. "నేను సిగ్గుపడ్డాను."

పాస్టరు గారు తలెత్తారు.

"నాది ఉపవాసం కాదండీ. పాడినా దగ్గినా నాకు మూత్రం ఆగేది కాదు. అందుకని నీళ్లు మానేశాను. మీరు భక్తి అనుకున్నారు, నేను కాదనలేదు. ఒళ్లు పాడైంది. ఈ మధ్య ఏలూరులో ఒక అమ్మాయి దగ్గర వ్యాయామం నేర్చుకున్నాను, నయమవుతోంది. ఇన్నేళ్లలో ఎవరినన్నా అడిగుంటే ఇంతదాకా వచ్చేది కాదు. నన్ను చూసి మానేసినవాళ్లు నన్ను క్షమించండి." నా వైపు చూశారు. "కెజియా, కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా."

మగవాళ్ల వైపు ఒకాయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు. నేను పక్కనున్న పాస్టరు గారింటి నుంచి చెంబుతో నీళ్లు, గ్లాసు తెచ్చాను. అందరూ చూస్తుండగా ఆవిడ గ్లాసు నిండా తాగారు, మళ్లీ వంచుకుని తాగారు. మూతి తుడుచుకుని పాట ఎత్తుకున్నారు. పై స్థాయికి వెళ్లినప్పుడు నేను ఊపిరి వదులుతూ ఆవిడ బదులు నా ఉయ్యాల పైకి లాగాను. గొంతు ఎక్కడా చెదరలేదు.

పాట అయిపోయింది. ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముందు చాప మీద విశ్వాసమ్మ గారు వెనక్కి తిరిగారు. తిడుతుందని గుండె దిటవు చేసుకున్నాను.

"ఆ చెంబు ఇటివ్వమ్మా," అందావిడ. తర్వాత మా అత్తగారి చెవిలో, వినపడీ వినపడకుండా, "నాకు మా మూడోవాడు పుట్టిన కాడ్నించీనమ్మా," అంది.

చెంబెత్తి గటగటా తాగింది. పక్కన కూర్చున్నావిడ చెంబు కోసం చెయ్యి చాపింది. ఆ వెనక చాప మీద ఇంకొకరు చాపారు. శుక్రవారం ప్రార్థనకు వచ్చేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, తలొంచుకుని, కొంగు అడ్డం పెట్టుకుని తాగుతున్నారు. ఆరో మాటకు లేచిన పాస్టరు గారు ఆడవాళ్ల వైపు చూసి మళ్లీ కూర్చున్నారు. నా చేతికి ఖాళీ చెంబు వచ్చింది, నింపుకు రావడానికి బయటికి పరిగెత్తాను.